గేమ్ ఓపెన్ అవ్వకపోతే కార్డు ఫార్మాట్ కొట్టొద్దు: రెట్రోపైలో లాంచ్ స్క్రిప్టులు, ఎర్రర్ లాగులు పెట్టుకునే పద్ధతి

గేమ్ మీద నొక్కితే స్క్రీన్ నల్లగా అయ్యి రెండు సెకన్లకి మళ్ళీ మెనూలోకి వచ్చి పడిద్ది, ఏం జరిగిందో ఒక్క ముక్క చెప్పదు. రెట్రోపై (రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్ బోర్డు మీద పాత వీడియో గేములు ఆడించే సాఫ్ట్‌వేర్) వాడే వాళ్ళందరికీ తెలిసిన బాధే ఇది. మన ఒంగోలు కుర్రాళ్ళు చాలామంది వెంటనే చేసే పని ఏందంటే ఎస్‌డీ కార్డు పీకి ఇమేజ్ మళ్ళీ రాయటం, దాంతో సేవ్ చేసుకున్న ఆటలు, జాయ్‌స్టిక్ సెట్టింగులు అన్నీ పోతాయి, తీరా చూస్తే అదే గేమ్ మళ్ళీ అట్టనే పడిపోయిద్ది, ఎందుకంటే కారణం ఏందో కనుక్కోకుండానే అంతా తుడిచేశాం కాబట్టి. ఆ పెట్టె తనకేం జరిగిందో తనే ఒక ఫైల్లో రాసుకునేట్టు చేస్తే, అంటే లాగ్ పెడితే, ఈ తిప్పలు ఉండవు, దానికి కావాల్సింది రెండు చిన్న స్క్రిప్టులు (వరసగా నడిచే కమాండ్లు రాసిన ఫైళ్ళు), ఓ అరగంట ఓపిక. అదే ఇక్కడ మొదట్నుంచీ చెప్తన్నా.

ముందే ఒక మాట. కమాండ్లు, ఫైల్ పేర్లు పలికినట్టు తెలుగులోనే రాస్తన్నా, మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. డాలర్ గుర్తు, కొటేషన్లు, అడ్డగీతలు, చుక్కలు ఉన్నవి ఉన్నట్టే కొట్టాలి. పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెప్తా, ఎందుకంటే లైనక్స్‌కి చిన్న అక్షరం వేరు పెద్ద అక్షరం వేరు, రెండూ ఒకటే అనుకుంటే ఇక్కడ పని జరగదు. నేను రాస్తంది రాస్ప్‌బెర్రీ పై మీద నడిచే రెట్రోపై గురించి, 4.8 ఇమేజ్ వేసుకున్న వాళ్ళకి యూజర్ పేరు పిఐ అని ఉంటది, వేరే పేరు పెట్టుకుంటే దారుల్లో ఆ పేరు మార్చుకోండి. పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ మీద ఆడుకునే వాళ్ళకి కూడా చివర్లో కొంచెం ఉంది.

మెనూలో గేమ్ మీద నొక్కగానే నేరుగా ఎమ్యులేటర్ (పాత గేమ్ మెషిన్‌లా పనిచేసే ప్రోగ్రామ్) లేవదు. మధ్యలో రన్‌కమాండ్ అని ఒక స్క్రిప్ట్ ఉంటది, ఏ సిస్టమ్, ఏ ఎమ్యులేటర్, ఏ రోమ్ (గేమ్ ఫైల్) అని చూసుకుని, స్క్రీన్ రిజల్యూషన్ సర్దుకుని, అప్పుడు అసలు ప్రోగ్రామ్‌ని లేపుద్ది. లేపేటప్పుడు చూపిచ్చే ఆ చిన్న గ్రే బాక్స్, "కాన్ఫిగర్ చేయాలంటే బటన్ నొక్కండి" అని వచ్చేది, అది ఇదే. ఈ రన్‌కమాండ్ మన కోసం మూడు చోట్ల ఆగి "నీ స్క్రిప్ట్ ఏమన్నా ఉందా" అని చూసుద్ది. /ఆప్ట్/రెట్రోపై/కాన్ఫిగ్స్/ఆల్ అనే ఫోల్డర్లో రన్‌కమాండ్-ఆన్‌స్టార్ట్.ఎస్‌హెచ్ అని ఫైల్ ఉంటే మొట్టమొదట అది నడిపిద్ది, రన్‌కమాండ్-ఆన్‌లాంచ్.ఎస్‌హెచ్ ఉంటే ఎమ్యులేటర్ లేవబోయే ముందు క్షణంలో, రన్‌కమాండ్-ఆన్‌ఎండ్.ఎస్‌హెచ్ ఉంటే ఆట మూసేశాక. ఫైల్ లేకపోతే ఏం అనదు, తన పని తను చేసుకుపోయిద్ది. పేరు మాత్రం అక్షరం తేడా రాకూడదు.

ఈ మూడిటికీ నాలుగు విషయాలు అందిస్తది. $1 అంటే సిస్టమ్ పేరు, ఎన్‌ఈఎస్ (నింటెండో) అనో పీఎస్‌ఎక్స్ (ప్లేస్టేషన్) అనో. $2 ఎమ్యులేటర్ పేరు. $3 రోమ్ ఫైల్ పూర్తి దారి. $4 అసలు నడపబోయే కమాండ్ మొత్తం. మన స్క్రిప్టులకి ఈ నాలుగే ముడిసరుకు. ఆన్‌స్టార్ట్‌లో రాసుకోవటం కంటే ఆన్‌లాంచ్‌లో రాసుకోవటం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ఆన్‌స్టార్ట్ నడిచాక కూడా ఆ గ్రే బాక్స్ దగ్గర మీరు బటన్ నొక్కి ఎమ్యులేటర్ మార్చొచ్చు, అప్పుడు లాగ్‌లో ఒకటి ఉండి నడిచింది ఇంకోటి అయిద్ది.

స్క్రిప్టులు రాయకముందే ఒక లాగ్ ఇప్పటికే మీ దగ్గర ఉంది, చాలామందికి తెలీదు. గేమ్ పడిపోయిన వెంటనే, ఇంకో గేమ్ తెరవకుండా, కీబోర్డు పెట్టి ఎఫ్4 నొక్కితే మెనూ మూసుకుని టెర్మినల్ వచ్చిద్ది. అక్కడ ఇది కొట్టండి:

లెస్ /డెవ్/ఎస్‌హెచ్‌ఎం/రన్‌కమాండ్.లాగ్

ఆ ఆట ఎందుకు పడిపోయిందో తొంభై పాళ్ళు అందులోనే ఉంటది. క్యూ నొక్కితే బయటికి వస్తారు, ఎమ్యులేషన్‌స్టేషన్ అని కొడితే మళ్ళీ మెనూ లేచిద్ది. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఒకటి, గేమ్ తెరిచిన ప్రతిసారీ పాత లాగ్ పోయి కొత్తది పడిద్ది. రెండు, డెవ్ ఎస్‌హెచ్‌ఎం అనేది కార్డు మీద లేదు, ర్యామ్‌లో ఉంది, కరెంటు పోతే అదీ పోయిద్ది. అట్టా పెట్టటం మంచిదే, ప్రతి ఆటకీ కార్డు మీద రాస్తా పోతే ఎస్‌డీ కార్డు తొందరగా అరిగిపోయిద్ది. కాకపోతే సాయంత్రం పిల్లలు ఆడుకుంటుంటే పడిపోయింది, మీరు రాత్రి ఇంటికొచ్చి చూస్తే ఏమీ ఉండదు. అందుకే కావాల్సింది మాత్రమే, తక్కువగా, కార్డు మీద దాచుకునే స్క్రిప్ట్ మనం రాసుకోవాలి.

టెర్మినల్‌లోనే నానో ఎడిటర్ తెరవండి: నానో /ఆప్ట్/రెట్రోపై/కాన్ఫిగ్స్/ఆల్/రన్‌కమాండ్-ఆన్‌లాంచ్.ఎస్‌హెచ్. అందులో ఈ నాలుగు లైన్లు:

ఫైల్="/హోమ్/పిఐ/గేమ్‌లాగ్.టీఎక్స్‌టీ"
కట్ -డి. -ఎఫ్1 /ప్రోక్/అప్‌టైమ్ > /డెవ్/ఎస్‌హెచ్‌ఎం/మొదలు
ఎకో "$(డేట్) | స్టార్ట్ | $1 | $2 | $(బేస్‌నేమ్ "$3") | $(వీసీజెన్‌సీఎండీ గెట్_థ్రాటిల్డ్)" >> "$ఫైల్"
సింక్

డి, ఎఫ్ లాంటి ఒంటి అక్షరాలన్నీ చిన్నవే. వీసీజెన్‌సీఎండీ అనేది రాస్ప్‌బెర్రీ పై వాళ్ళ సొంత కమాండ్, దాని సంగతి కింద వివరంగా చెప్తా. రెండు బాణాలు అంటే ఉన్నదానికి కింద చేర్చమని, ఒక్క బాణం పెడితే పాతదంతా తుడిచేసి రాసిద్ది, ఆ తేడా మర్చిపోవద్దు. రెండో లైను పెట్టె లేచి ఎన్ని సెకన్లయిందో ఒక అంకె రాసుకుంటది. డేట్ ఉండగా ఇదెందుకు అంటారా, రాస్ప్‌బెర్రీ పై 4 దాకా బోర్డు మీద గడియారం బ్యాటరీ లేదు. వైఫై లేని ఇంట్లో ఆన్ చేస్తే తారీఖు పాతదే చూపిచ్చిద్ది, ఆట మధ్యలో నెట్ తగిలితే గబుక్కున ముందుకు దూకిద్ది, దాన్ని నమ్మి ఎంతసేపు ఆడారో లెక్కేస్తే మూడు రోజులు అని కూడా వచ్చుద్ది. అప్‌టైమ్‌కి ఆ గొడవ లేదు. ఆఖరి లైను సింక్ ఉంది చూశారా, అది ఇప్పుడే కార్డు మీద రాసేయ్ అని చెప్పటం. అది లేకపోతే మన లైను కాసేపు ర్యామ్‌లోనే ఉంటది, ఆ లోపు కరెంటు పోతే మనకి కావాల్సిన ఆ లైనే పోయిద్ది.

కంట్రోల్ ఓ, ఎంటర్, కంట్రోల్ ఎక్స్ కొట్టి బయటికి రండి. ఇప్పుడు రెండో ఫైల్, అదే ఫోల్డర్లో రన్‌కమాండ్-ఆన్‌ఎండ్.ఎస్‌హెచ్:

ఫైల్="/హోమ్/పిఐ/గేమ్‌లాగ్.టీఎక్స్‌టీ"
ఎ=$(క్యాట్ /డెవ్/ఎస్‌హెచ్‌ఎం/మొదలు)
బి=$(కట్ -డి. -ఎఫ్1 /ప్రోక్/అప్‌టైమ్)
సేపు=$((బి-ఎ))
ఎకో "$(డేట్) | ఎండ్ | $1 | $సేపు సెకన్లు | $(వీసీజెన్‌సీఎండీ మెజర్_టెంప్) | $(వీసీజెన్‌సీఎండీ గెట్_థ్రాటిల్డ్)" >> "$ఫైల్"
ఇఫ్ [ "$సేపు" -ఎల్‌టీ 10 ]; దెన్
సీపీ /డెవ్/ఎస్‌హెచ్‌ఎం/రన్‌కమాండ్.లాగ్ "/హోమ్/పిఐ/తప్పు-$1.టీఎక్స్‌టీ"
ఎఫ్ఐ
టెయిల్ -ఎన్ 500 "$ఫైల్" > /డెవ్/ఎస్‌హెచ్‌ఎం/టెంప్
క్యాట్ /డెవ్/ఎస్‌హెచ్‌ఎం/టెంప్ > "$ఫైల్"
సింక్

ఇందులో ప్రాణం ఉన్నది ఆ ఇఫ్ దగ్గర. ఎవరైనా ఆట తెరిస్తే పది సెకన్లలోపు మూసెయ్యరు కదా, మూసుకుపోయిందంటే అది తనంతట తనే పడిపోయినట్టు లెక్క. అప్పుడు మాత్రమే పెద్ద లాగ్‌ని కార్డు మీదకి కాపీ చేస్తన్నాం. బాగా నడిచిన ఆటకి ఒక్క లైను చాలు. తప్పు ఫైల్ పేరులో $1 ఉంది కాబట్టి ఒక్కో సిస్టమ్‌కి ఆఖరిసారి పడిపోయిన లాగ్ ఒక్కటే మిగులుద్ది, కొండలా పెరిగిపోయేది ఏమీ ఉండదు. టెయిల్ లైను మన చిన్న లాగ్‌ని కూడా 500 లైన్ల దగ్గర కత్తిరిచ్చిద్ది. లాగ్ పెట్టుకోవటం ఎంత ముఖ్యమో దాన్ని కట్టడి చెయ్యటం కూడా అంతే ముఖ్యం, ఈ రెండో సగం ఎవరూ పట్టించుకోరు, ఆరు నెలల తర్వాత కార్డు నిండిపోయి అసలు మెనూనే లేవదు.

రాసింది సరిగ్గా ఉందో లేదో గేమ్ తెరిచి చూడక్కర్లేదు. బాష్ -ఎన్ అని కొట్టి పక్కన ఫైల్ దారి ఇస్తే అది నడపకుండా వ్యాకరణం ఒక్కటే చూసిద్ది, ఏమీ అనలేదంటే బాగుంది అని. తర్వాత చేత్తో నడిపి చూడండి, ఇవన్నీ ఒకే లైన్లో, కామాలు లేకుండా మధ్యలో ఖాళీ వదిలి కొట్టాలి: బాష్, ఆన్‌లాంచ్ ఫైల్ దారి, ఎన్‌ఈఎస్, ఎల్‌ఆర్-ఎఫ్‌సీఈయూఎంఎం, "/హోమ్/పిఐ/టెస్ట్ గేమ్.ఎన్‌ఈఎస్". గేమ్‌లాగ్ ఫైల్లో ఒక లైను పడాలి. ఆ టెస్ట్ పేరులో కావాలనే మధ్యలో ఖాళీ పెట్టా, మన రోమ్ ఫైళ్ళ పేర్లలో ఖాళీలు, బ్రాకెట్లు ఉంటానే ఉంటాయి. $3 చుట్టూ కొటేషన్లు లేకపోతే ఆ పేరు ముక్కలయి లాగ్‌లో తప్పుగా పడిద్ది. కొటేషన్లు అలంకారం కోసం కాదు, ఒక్కటి కూడా వదలొద్దు.

విండోస్ కంప్యూటర్ నుంచి నెట్‌వర్క్ షేర్‌లో కాన్ఫిగ్స్ ఫోల్డర్ తెరిచి నోట్‌ప్యాడ్‌లో రాసే వాళ్ళకి రెండు జాగ్రత్తలు. విండోస్ ప్రతి లైను చివర కంటికి కనపడని ఒక అక్షరం అదనంగా పెడతది, లైనక్స్ దాన్ని కమాండ్‌లో భాగం అనుకుంటది. లాగ్‌లో బ్యాక్‌స్లాష్ ఆర్ పక్కన "కమాండ్ నాట్ ఫౌండ్" అని కనపడిందంటే ఇదే. డాస్2యునిక్స్ అనే ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేసుకుని ఆ ఫైల్ మీద ఒకసారి నడిపితే పోయిద్ది. రెండోది, నోట్‌ప్యాడ్ పేరు చివర గుట్టుగా డాట్ టీఎక్స్‌టీ తగిలిచ్చిద్ది, ఫైల్ ఉంది కానీ స్క్రిప్ట్ నడవట్లేదు అనే వాళ్ళలో సగం మందికి కారణం అదే. ఎల్‌ఎస్ -ఎల్ కొట్టి అసలు పేరు చూడండి.

ఆన్‌లాంచ్‌లో టైం పట్టే పని ఏదీ పెట్టొద్దు. ఆ స్క్రిప్ట్ పూర్తయ్యేదాకా రన్‌కమాండ్ ఆగే ఉంటది, గేమ్ లేవదు. నెట్ నుంచి ఏదన్నా తెచ్చే కమాండ్ పెట్టారనుకోండి, వైఫై పోయిన రోజు పిల్లోడు నల్ల స్క్రీన్ చూసుకుంటా కూర్చుంటాడు. తప్పదనుకుంటే ఆ లైను చివర & గుర్తు పెడితే అది వెనకాల నడుచుకుంటది.

ఇప్పుడు లాగ్ చదవటం. అందరూ ఆఖరి లైను చూసి అదే కారణం అనుకుంటారు, సాధారణంగా కాదు. ఆఖర్న వచ్చేది పడిపోయిన శబ్దం, కాలు జారింది అంతకు పైన ఎక్కడో ఉంటది. అందుకే పై నుంచి చదువుతా మొట్టమొదటి తప్పు దగ్గర ఆగండి. పెద్ద లాగ్ అయితే గ్రెప్ వాడండి:

గ్రెప్ -ఐ -ఎన్ -ఈ "ఎర్రర్|ఫెయిల్|నాట్ ఫౌండ్" /హోమ్/పిఐ/తప్పు-పీఎస్‌ఎక్స్.టీఎక్స్‌టీ

ఇందులో మూడో గీత పక్కనున్న "ఈ" అనే అక్షరం ఒక్కటే పెద్దది. లాగ్ మొదట్లోనే "ఎగ్జిక్యూటింగ్" అని ఒక లైను ఉంటది, దాని పక్కన నడిపిన కమాండ్ మొత్తం ఉంటది, ముందు అది చదవండి, మీరు అనుకున్న ఎమ్యులేటరే లేచిందా, రోమ్ దారి సరిగ్గా ఉందా అని. "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అంటే పేరో దారో తేడా. "పర్మిషన్ డినైడ్" అంటే ఆ ఫైల్ వేరే యూజర్ పేరు మీద ఉంది, సుడో (అడ్మిన్ హక్కుతో నడిపే కమాండ్) పెట్టి కాపీ చేసినప్పుడు ఇట్టా అయిద్ది. "ఫెయిల్డ్ టు లోడ్ కంటెంట్" అంటే ఎమ్యులేటర్ లేచింది కానీ రోమ్ దానికి నచ్చలేదు, ఫైల్ సగమే కాపీ అయ్యుండొచ్చు, లేదా కోర్‌కి (రెట్రోఆర్చ్ అనే ప్రోగ్రామ్ లోపల నడిచే ఎమ్యులేటర్‌కి) తెలియని ఫార్మాట్. లాగ్‌లో ఏమీ సరిగ్గా లేదు అంటే, గ్రే బాక్స్ వచ్చినప్పుడు బటన్ నొక్కి మెనూలో వెర్బోస్ లాగింగ్‌తో లాంచ్ చెయ్యమనే వరస ఉంటది, అది ఎంచుకోండి, అప్పుడు పూసగుచ్చినట్టు అంతా రాసిద్ది. ఎప్పటికీ వెర్బోస్‌లోనే ఉంచేద్దాం అనుకోవద్దు, అవసరమైనప్పుడు చాలు.

ఆర్కేడ్ ఆటల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది ఏడిచేది వాటి దగ్గరే. లాగ్‌లో వరసగా చిప్పుల పేర్లు వచ్చి పక్కన "నాట్ ఫౌండ్" అని ఉంటే ఎమ్యులేటర్ చెడిపోలేదు, రోమ్ సెట్ వెర్షన్ కుదరలేదు అంతే. మేమ్, ఎఫ్‌బీ నియో అనేవి ఆర్కేడ్ ఎమ్యులేటర్లు. మేమ్ 2003 కోర్‌కి 0.78 సెట్ కావాలి, మేమ్ 2010కి 0.139, ఎఫ్‌బీ నియోకి ఎప్పటికప్పుడు కొత్త సెట్. ఒకే ఆట, ఒకే జిప్ పేరు, లోపల ఫైళ్ళు వేరు. నియో జియో ఆటలకి నియోజియో.జిప్ అనే బయోస్ (అసలు మెషిన్ లోపల ఉండే ప్రోగ్రామ్ కాపీ) కూడా పక్కన ఉండాలి. ప్లేస్టేషన్‌కి బయోస్ ఫైల్ పేరు చిన్న అక్షరాల్లో ఎస్‌సీపీహెచ్5501.బిన్ లాంటిది, హోమ్‌లో రెట్రోపై ఫోల్డర్ (ఇందులో ఆర్, పీ పెద్ద అక్షరాలు) లోపల ఉండే బయోస్ ఫోల్డర్లో పెట్టాలి, బయోస్ ఫోల్డర్ పేరు మాత్రం అన్నీ పెద్ద అక్షరాలు. పెద్ద అక్షరాలతో వచ్చిన ఫైల్ పేరు అట్టనే పెడితే ఉన్నా లేనట్టే. రోమ్‌లు, బయోస్‌లు మీ సొంత క్యాసెట్టు, డిస్కు, మీ సొంత మెషిన్ నుంచి తీసుకున్నవి గానీ, తయారుచేసిన వాళ్ళే ఉచితంగా ఇచ్చినవి గానీ వాడండి, అట్టాంటివి చాలానే ఉన్నాయి.

ఇక మన ఊళ్ళ అసలు సమస్య, కరెంటూ ఎండా. స్టార్ట్ లైన్లో గెట్_థ్రాటిల్డ్ పెట్టింది అందుకే. అది 0ఎక్స్0 అని చూపిస్తే అంతా బాగుంది. 0ఎక్స్50000 అంటే ఆన్ చేసినప్పటి నుంచి ఎప్పుడో ఒకసారి వోల్టేజ్ పడిపోయింది, దాంతో ప్రాసెసర్ స్పీడ్ తగ్గిచ్చుకుంది, ఇప్పుడు బాగానే ఉంది. 0ఎక్స్50005 అంటే ఆ లైను రాసే క్షణంలో కూడా వోల్టేజ్ తక్కువే. బోర్డుకి 5 వోల్టులు రావాలి, 4.63 దాకా దిగితే అది గుర్తుపెట్టుకుంటది. పై 4కి 5 వోల్టులు 3 ఆంపియర్ల అడాప్టర్, పై 3కి 2.5 ఆంపియర్లది కావాలి, మనోళ్ళు ఇంట్లో ఉన్న ఫోన్ ఛార్జర్ పెట్టేస్తారు. దాని మీద అంకెలు సరిపోయినా కేబుల్ సన్నగా పొడుగ్గా ఉంటే దారిలోనే వోల్టేజ్ పోయిద్ది.

కావలిలో మా తోడల్లుడు వాళ్ళింట్లో పెట్టె ఇట్టనే సతాయించేది. పగలు బానే ఆడుద్ది, సాయంత్రం అయ్యేసరికి ప్లేస్టేషన్ ఆటలు నత్తనడక, ఒక్కోసారి మొత్తం ఆగిపోవటం. ఆయన కోర్ మార్చాడు, కార్డు మార్చాడు, ఆటే పాడైపోయిందన్నాడు. ఈ రెండు స్క్రిప్టులు వేసి వదిలేస్తే వారం తిరక్కుండానే గేమ్‌లాగ్ కథంతా చెప్పింది. సాయంత్రం పూట లైన్లన్నిట్లో 50005, కొన్ని స్టార్ట్ లైన్లకి కింద ఎండ్ లైనే లేదు. ఎండ్ లేదంటే ఆన్‌ఎండ్ స్క్రిప్ట్ నడిచే అవకాశం రాలేదని, అంటే పెట్టె బిగుసుకుపోయి ప్లగ్ పీకారు, లేదా కరెంటు పోయి వచ్చింది. వాళ్ళింట్లో ఇన్వర్టర్ ఉంది, కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో ఫ్యాను ఆగదు, టీవీ కూడా ఒక్కోసారి తట్టుకుంటది, పై మాత్రం రీస్టార్ట్ అయిపోయిద్ది. ఎమ్యులేటర్‌లో ఒక్క సెట్టింగ్ ముట్టుకోలేదు, మంచి అడాప్టర్, పొట్టి కేబుల్ మార్చి, దాన్ని చిన్న రౌటర్ యూపీఎస్ లాంటి దానికి తగిలిచ్చాం, అంతటితో ఆ గోల పోయింది. కాకపోతే యూపీఎస్ కొనేటప్పుడు అది 5 వోల్టులు, 3 ఆంపియర్లు ఇవ్వగలదో లేదో చూసి కొనండి, రౌటర్లకి ఇచ్చేవి చాలావరకు 12 వోల్టులవి.

కార్తీక మాసం, మార్గశిరం రోజుల్లో తుఫాను పట్టి నెల్లూరు వైపు కరెంటు పోతా వస్తా ఉన్నప్పుడు అసలు ఆన్ చెయ్యకపోవటమే మంచిది, రాస్తా ఉండగా కరెంటు పోతే కార్డు మీద ఫైళ్ళు చెడిపోతాయి, ఏ స్క్రిప్టూ దాన్ని ఆపలేదు.

ఎండాకాలం సంగతి మెజర్_టెంప్ చెప్పిద్ది. రోహిణి కార్తెలో ఒంగోల్లో గదిలో గాలే కాలిపోతంటది, ఆ వేడిలో టీవీ వెనక మూసేసిన అరలో పెట్టెని కుక్కితే అదేం చేస్తది. చిప్ 80 డిగ్రీలు దాటిందంటే తనంతట తనే స్పీడ్ తగ్గిచ్చుకుంటది, 85 దగ్గర ఇంకా గట్టిగా. ఆట ముక్కలు ముక్కలుగా నడుస్తా శబ్దం గరగరలాడిద్ది, జనం దాన్ని ఎమ్యులేటర్ సెట్టింగ్ అనుకుని రాత్రంతా మెనూలు కెలుకుతారు. ఎండ్ లైన్లలో 78, 81, 83 అని కనపడుతుంటే హీట్ సింక్, చిన్న ఫ్యాను పెట్టండి, అర తలుపు తీసి ఉంచండి. చీమకుర్తి వైపు గ్రానైట్ దుమ్ము ఉండే ఇళ్ళల్లో ఉన్న ఫ్యానే పట్టేసి ఉంటది, బ్రష్‌తో దులుపుకున్నా తేడా కనపడిద్ది.

కొంచెం లోతుగా పోవాలనుకునే వాళ్ళకి ఒకటుంది, ఎగ్జిట్ కోడ్. ప్రతి ప్రోగ్రామ్ మూసుకునేటప్పుడు ఒక అంకె చెప్పి పోయిద్ది, 0 అయితే మామూలుగా వెళ్ళింది, మిగతాది ఏదైనా తేడా. ఆన్‌ఎండ్ స్క్రిప్ట్‌కి ఆ అంకె అందదు. దానికోసం చుట్టు.ఎస్‌హెచ్ అని హోమ్‌లో ఒక ఫైల్ చేసి ఇట్టా రాయండి:

"$@"
కోడ్=$?
ఎకో "$(డేట్) | కోడ్ $కోడ్" >> /హోమ్/పిఐ/గేమ్‌లాగ్.టీఎక్స్‌టీ
ఎగ్జిట్ $కోడ్

తర్వాత ఆ సిస్టమ్ కాన్ఫిగ్స్ ఫోల్డర్లో ఎమ్యులేటర్స్.సీఎఫ్‌జీ తెరవండి, ఎన్‌ఈఎస్‌కి అయితే /ఆప్ట్/రెట్రోపై/కాన్ఫిగ్స్/ఎన్‌ఈఎస్ లోపల. ఉన్న లైనుని అచ్చంగా కాపీ చేసి కింద పెట్టి, ఈక్వల్ గుర్తుకి ముందున్న పేరు చివర -లాగ్ అని చేర్చండి, కొటేషన్ తెరిచిన వెంటనే బాష్ /హోమ్/పిఐ/చుట్టు.ఎస్‌హెచ్ అని రాసి ఒక ఖాళీ వదిలి మిగతాది ఉన్నట్టే ఉంచండి. అసలు లైను ముట్టుకోవద్దు, డిఫాల్ట్ లైనూ మార్చొద్దు. అప్పుడు గ్రే బాక్స్ మెనూలో ఆ ఒక్క గేమ్‌కి ఈ కొత్త ఎమ్యులేటర్ ఎంచుకుంటే సరి. కోడ్ 127 అంటే ఆ ప్రోగ్రామే దొరకలేదు, ఇన్‌స్టాల్ సరిగ్గా జరగలేదు. 126 అంటే దొరికింది కానీ నడిపే అనుమతి లేదు. 139 అంటే ప్రోగ్రామ్ మెమరీలో తనది కాని చోట చెయ్యి పెట్టి కుప్పకూలింది, కోర్ అప్‌డేట్ చెయ్యాలి లేదా వేరే కోర్ చూసుకోవాలి. 137 అంటే బయట నుంచి ఎవరో చంపేశారు, మన పెట్టెల్లో ఆ ఎవరో అంటే సాధారణంగా ర్యామ్ చాలక లైనక్స్ చేసిన పనే, డీమెసేజ్ కమాండ్ కొడితే "అవుట్ ఆఫ్ మెమరీ" అని కనపడిద్ది. డీమెసేజ్ రాసేటప్పుడు డీ, ఎం, ఈ, ఎస్, జీ అంతే.

ఆన్‌లాంచ్, ఆన్‌ఎండ్‌లని లాగ్ ఒక్కదానికే వాడాలని ఏం లేదు. మెనూలో వెనకాల పాట పెట్టుకునే వాళ్ళు ఎంపీజీ123 వాడుతుంటే ఆన్‌లాంచ్‌లో పీకిల్ -స్టాప్ ఎంపీజీ123, ఆన్‌ఎండ్‌లో పీకిల్ -కంట్ ఎంపీజీ123 అని ఒక్కో లైను చేర్చండి, ఆట లేవగానే పాట ఆగిద్ది, ఆట అయిపోగానే ఆగిన చోట నుంచే అందుకుంటది. స్టాప్, కంట్ రెండూ పెద్ద అక్షరాలు, కంట్ అంటే సీ, ఓ, ఎన్, టీ.

విండోస్‌లో రెట్రోఆర్చ్ నేరుగా వాడే వాళ్ళకి స్క్రిప్ట్ లేకుండానే పని అయిద్ది. సెట్టింగ్స్‌లో లాగింగ్ అని ఉంటది, అందులో లాగింగ్ వెర్బోసిటీ ఆన్ చేసి, లాగ్ టు ఫైల్ కూడా ఆన్ చెయ్యండి, రెట్రోఆర్చ్ ఫోల్డర్లో లాగ్స్ అని చోటు ఉంటది, అక్కడ పడిద్ది. టైమ్‌స్టాంప్ ఫైళ్ళు ఆన్ చేస్తే ప్రతిసారీ కొత్త ఫైల్, పాతవి పోవు, కాకపోతే అప్పుడప్పుడూ మీరే తుడుచుకోవాలి. బ్యాచ్ ఫైల్‌తో లేపే అలవాటు ఉంటే స్టార్ట్ "" /వెయిట్ పెట్టి లేపి, కింద లైన్లో ఎకో %ఎర్రర్‌లెవల్%, ఆ కింద పాజ్ అని రాయండి, కిటికీ మూసుకుపోకుండా అంకె కనపడిద్ది. -1073741515 వస్తే ఏదో డీఎల్ఎల్ ఫైల్ దొరకలేదని, -1073741819 వస్తే పైన చెప్పిన 139 లాంటిదే.

ఇదంతా చేశాక కూడా తెగకపోతే ఎవరినైనా అడగండి, కానీ అడిగేటప్పుడు టీవీని ఫోన్‌తో ఫోటో తీసి "ఓపెన్ అవట్లేదు అన్నా" అని ఒక్కటే పంపితే ఎంత తెలిసిన వాడైనా ఏం చెప్పలేడు. తప్పు ఫైల్‌ని ఫైల్‌గానే పంపండి, గేమ్‌లాగ్‌లో ఆ సమయానికి ఉన్న నాలుగైదు లైన్లు, ఏ మోడల్ పై, ఏ అడాప్టర్, ఏ కోర్, అంతకుముందు ఎప్పుడైనా ఆ ఆట నడిచిందా లేదా అన్నది కూడా రాయండి. పంపే ముందు ఒకసారి తెరిచి చూసుకోండి, ఆన్‌లైన్ అకౌంట్ పేర్లు గానీ పాస్‌వర్డ్ గానీ ఎక్కడన్నా పడి ఉంటే తీసేసి పంపండి.